హాల్లో పెట్టుకోవడానికి నిజమైన అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసుల) పెయింటింగ్ ఎక్కడ కొనాలి? నకిలీదని ఎలా తెలుస్తుంది?

టార్నీట్ కోడలు:

అందరికీ నమస్తే. మేము మెల్‌బోర్న్‌లో టార్నీట్ వైపు ఉంటాం, రెండు నెలల కిందటే సొంతింట్లోకి మారాం. హాల్లో సోఫా వెనక గోడ బోసిగా ఉంది. మా ఆయన ఆన్‌లైన్‌లో ఒక ప్రింటెడ్ క్యాన్వాస్ చూసి పెట్టారు, ఇటుక రంగు మీద తెల్ల చుక్కలు, మధ్యలో వలయాలు, 89 డాలర్లు, డెలివరీ ఫ్రీ. ఈ దేశంలో ఉంటున్నాం కదా, ఈ నేలకి చెందిన బొమ్మ ఒకటి ఇంట్లో ఉంటే బాగుంటుందని ఆయన అంటే నేనూ సరేనన్నాను, కానీ ఆర్డర్ పెట్టబోతే చెయ్యి రావడం లేదు.

ఎందుకో చెప్తాను. మా అత్తయ్యగారు, మావయ్యగారు మొన్న ఊరెళ్తూ చుట్టాలకి ఇవ్వడానికి సిటీలో ఒక గిఫ్ట్ షాపులో ఆరు బూమరాంగులు కొన్నారు. ఒక్కోటీ 25 డాలర్లు. ముందువైపు ఆస్ట్రేలియా మ్యాపు, చేత్తో వేసినవని అట్టముక్క మీద రాసుంది. ఇంటికొచ్చి సూట్‌కేసులో సర్దుతుంటే ఒకదాని వెనక ధర స్టిక్కర్ అంచు లేచింది. గోటితో గీకితే దాని కింద ఇంకో స్టిక్కర్, దాని మీద వేరే దేశం పేరు. మిగతా ఐదూ తిప్పి చూశాం, అన్నీ అంతే. మావయ్యగారు రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయనకి డబ్బులు పోయాయన్న బాధ లేదు, ఒక్కటే అడిగారు, "చేత్తో వేశారంటున్నారు సరే, ఆ చెయ్యి ఎవరిదో పేరైనా లేదేంటమ్మా దీని మీద?" అని. నా దగ్గర జవాబు లేదు.

అందుకని ఈసారి నిజమైనదే కొనాలని. బడ్జెట్ 600, మహా అయితే 700 డాలర్లు. ఆ ధరకి అసలు దొరుకుతుందా? నిజమైనదని ఎలా గుర్తుపట్టాలి? ఇంకోటి, ఇవి ఇక్కడి ఆదివాసులకి పవిత్రమైన బొమ్మలంటారు కదా, మనలాంటి వాళ్ళం హాల్లో టీవీ పక్కన తగిలించుకోవచ్చా? ఇది అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది కానీ తెలుసుకోకుండా కొనలేను.

ఎర్రమట్టి నర్సు:

చెల్లీ, నేను దేశం నడిమధ్య ఎడారిలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో నర్సుగా చేస్తున్నాను, వచ్చి తొమ్మిదేళ్ళయింది. మీ మావయ్యగారు అడిగిన ప్రశ్నే మీరూ షాపువాడిని అడగండి. ఎవరు వేశారు, ఏ ఊళ్ళో వేశారు, అది ఎవరి కథ. ఈ మూడూ చెప్పలేని చోట ఎంత అందంగా ఉన్నా కొనొద్దు.

ఇక్కడ ఎడారి ఊళ్ళలో ఆర్ట్ సెంటర్లు ఉంటాయి. ఆర్టిస్టులే కమిటీగా ఉండి నడుపుకునేవి, లాభం కోసం పెట్టినవి కావు. క్యాన్వాసూ రంగులూ సెంటరే ఇస్తుంది, బొమ్మ అయిపోయాక ఫొటో తీసి, నంబరేసి, కథ రాసుకుని అమ్మిపెడుతుంది. వచ్చినదాంట్లో చాలాచోట్ల సగమో, సగానికి పైనో వేసినవాళ్ళకి వెళ్తుంది, మిగతాది రంగులకీ, జీతాలకీ, బండి డీజిల్‌కీ. మీకిచ్చే సర్టిఫికెట్లో ఆర్టిస్టు పేరు, ఊరు, కథ, నంబరు ఉంటాయి. అదే నంబరు క్యాన్వాస్ వెనక కూడా రాసి ఉంటుంది. రెండూ కలిశాయో లేదో చూసుకోండి, అంతే, పెద్ద విద్య ఏమీ కాదు.

ఈ చుక్కల బొమ్మలు వేల ఏళ్ళుగా క్యాన్వాస్ మీదే వేస్తున్నారని చాలామంది అనుకుంటారు. క్యాన్వాస్ కొత్తది. ఇసుక మీద, ఒంటి మీద, రాళ్ళ మీద వేసుకునేవాళ్ళు. ఇక్కడికి వాయవ్యంగా 240 కిలోమీటర్ల దూరంలో పాపున్యా అనే ఊరుంది. 1971లో అక్కడ బడికి జెఫ్రీ బార్డన్ అనే టీచరు వచ్చారు, ఆ ఊరి పెద్దమనుషులు బడి గోడ మీద తేనె చీమ కథ వేశారు. ఆ గోడ ఇప్పుడు లేదు, తర్వాత దాని మీద సున్నం కొట్టేశారు. కానీ ఆ పెద్దలు ఆగలేదు, దొరికిన అట్టల మీద, చెక్కల మీద వేశారు, 1972లో పాపున్యా తుల అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. అది ఇప్పటికీ ఆర్టిస్టులదే, ఆలిస్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో వాళ్ళ గ్యాలరీ ఉంది. వేసేవాళ్ళలో చాలామంది ఇంకా పడమరగా కింటోర్, కివిర్‌కుర్రా ఊళ్ళలో ఉంటారు. కివిర్‌కుర్రా ఇక్కడికి దాదాపు 700 కిలోమీటర్లు, అదీ మట్టిరోడ్డు.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఆ తొలి రోజుల్లోనే ఉంది. మొదట్లో వేసిన కొన్ని అట్టల మీద అందరూ చూడకూడని సంగతులు ఉన్నాయని మిగతా ఊళ్ళ పెద్దలు కోప్పడ్డారు. అప్పటి నుంచి అలాంటివి తీసేయడం, ఉన్నవాటిని చుక్కలతో కప్పేయడం పెరిగింది. అంటే మనం అందం కోసమనుకునే చుక్క ఒక్కోసారి తెరలాంటిదన్నమాట. బయటికి అమ్మేది వాళ్ళు చూపించదలచుకున్నదే, లోపలి కథ వాళ్ళ దగ్గరే ఉంటుంది. కాబట్టి సెంటర్ నుంచి కొన్నది హాల్లో నిశ్చింతగా పెట్టుకోండి, టీవీ పక్కనైనా సరే.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ వేస్తుంటే చాలాసార్లు పక్కన కూర్చున్నాను. క్యాన్వాస్ నేల మీద పరిచి, ఒక కాలు మడిచి, ఒక కాలు చాపుకుని కూర్చుంటుంది, పక్కన రెండు కుక్కలు. కబాబులకి వాడే వెదురుపుల్ల మొండివైపు రంగులో ముంచి ఒక్కో చుక్కా పెడుతుంది, మూడు నాలుగు చుక్కలకోసారి మళ్ళీ ముంచుతుంది, ఏదో పాడుతూనే ఉంటుంది. ఒకవైపు అయ్యాక తను లేవదు, క్యాన్వాస్‌నే తిప్పుకుంటుంది. అందుకే ఈ బొమ్మలకి పైనా కిందా ఉండదు, నేలని ఆకాశం నుంచి చూసినట్టు ఉంటాయి, మీ గోడకి ఎటు బాగుంటే అటు పెట్టుకోవచ్చు. వలయాలుంటే నీటిగుంటో, మనుషులు దిగిన చోటో. గుర్రపునాడా ఆకారం ఉంటే మనిషి ఇసుకలో కూర్చుని లేచిన గుర్తు.

మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ సంక్రాంతి ముగ్గే గుర్తొచ్చింది, ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. తర్వాత తెలిసింది తేడా ఎక్కడుందో. ముగ్గు ఎవరింటి ముందైనా ఎవరైనా వేయొచ్చు, పక్కింటి ముగ్గు నచ్చితే రేపు మన వాకిట్లో వేస్తాం. ఇక్కడ అలా కుదరదు. ఆ నీటిగుంట కథ ఎవరి తాతముత్తాతల నుంచి వచ్చిందో వాళ్ళే వేయాలి, వేరే కుటుంబం వేస్తే దొంగతనం కిందే లెక్క. నేను కూడా నేర్చుకుని వేయొచ్చా అని అడిగితే ఆవిడ నవ్వి, "నీ ఊరి కథ నువ్వు వెయ్యి" అంది.

ఒక హెచ్చరిక. ఊరి నుంచి మందుల కోసమో, చుట్టాల కోసమో టౌనుకి వచ్చిన ముసలివాళ్ళని పట్టుకుని, గదుల్లో కూర్చోబెట్టి వేయించుకుని, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపేసే దళారులు ఉన్నారు. వాళ్ళని ఇక్కడ కార్పెట్‌బ్యాగర్లు అంటారు. పేరు నిజమే, చెయ్యీ నిజమే, డబ్బు మాత్రం న్యాయంగా వెళ్ళదు. సర్టిఫికెట్‌తో పాటు ఆర్టిస్టుకి ఎంత ఇచ్చారని కూడా అడగండి. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడేవాడి దగ్గర ఆగక్కర్లేదు.

600కి దొరుకుతుంది, చిన్న సైజులో చాలా మంచివే దొరుకుతాయి. ఆగస్టులో డార్విన్ అబోరిజినల్ ఆర్ట్ ఫెయిర్ జరుగుతుంది, అమ్మిన డబ్బంతా సెంటర్లకే వెళ్తుంది, ఆన్‌లైన్‌లో కూడా కొనొచ్చు. సెప్టెంబరులో ఇక్కడ అరలూయెన్ ఆర్ట్స్ సెంటర్‌లో డెజర్ట్ మాబ్ అని ఎడారి ఆర్ట్ సెంటర్ల ప్రదర్శన ఉంటుంది, 1991 నుంచి ఏటా పెడుతున్నారు. వస్తే మా ఇంట్లోనే దిగండి.

బ్రిస్బేన్ బావ:

అందరూ పెద్ద మనసుతో రాస్తున్నారు, కాదనను. కానీ లోన్ కట్టుకుంటూ కొత్తిల్లు సర్దుకునే వాళ్ళకి 600 అంటే తక్కువ కాదండీ, ఒక వారం కిరాణా, పెట్రోలు, పిల్లల డేకేర్ కలిపితే అంతే అవుతుంది. మా ఇంట్లో రవివర్మ లక్ష్మీదేవి ఉంది, అది ప్రింటే, మా నాన్నమ్మ కాలం నుంచీ ప్రింటుకే దణ్ణం పెట్టాం. ప్రింటు కొంటే తప్పేంటో నాకు నిజంగా అర్థం కాలేదు, ఎవరైనా చెప్తే వింటాను.

పెడన పిల్ల:

బావగారూ, ప్రింటు తప్పు కాదు. నేను పెడన నుంచి వచ్చినదాన్ని, మా ఇంట్లో మూడు తరాలు కలంకారీ అచ్చు పనే. ఇప్పుడు అడిలైడ్‌లో సిరామిక్స్ నేర్చుకుంటున్నాను. మా నాన్న గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, అచ్చేసి, కాలువలో ఉతికి, మళ్ళీ రంగులో ఉడకబెట్టి వారాల తరబడి చేసే చీర డిజైన్‌ని ఎవడో ఫొటో తీసి మిల్లు గుడ్డ మీద ఒక పూటలో కొట్టేసి దాన్ని కూడా కలంకారీ అనే అమ్ముతాడు. అచ్చు వేయడం మా పనే, ప్రింటు మీద నాకు కోపం ఎందుకుంటుంది? మా పేరు వాడుకుని మాకు పని లేకుండా చేయడం మీద కోపం.

ఇక్కడ కూడా వాళ్ళే వేసే ప్రింటు ఉంది. డార్విన్‌కి ఉత్తరాన తివీ దీవుల్లో తివీ డిజైన్స్ అని 1969 నుంచి నడుస్తోంది, వాళ్ళ బొమ్మల్ని వాళ్ళే స్క్రీన్ ప్రింట్ చేసి మీటర్ల లెక్కన అమ్ముతారు. రెండు మీటర్లు కొని చెక్క ఫ్రేముకి బిగించుకుంటే గోడ నిండిపోతుంది, 600 పెట్టక్కర్లేదు. ఎర్నబెల్లా అనే ఎడారి ఊళ్ళో అయితే ఆడవాళ్ళు 1948 నుంచి చేతిపని చేస్తున్నారు, 1971లో బాటిక్ మొదలుపెట్టారు, కొందరు 1975లో ఇండోనేషియా వెళ్ళి యోగ్యకర్తాలో నేర్చుకొచ్చారు. వేడి మైనంతో గీసి, రంగులో ముంచి, మైనం తీసేసే పని. అక్కడ 2003 నుంచి మట్టిపాత్రల పని కూడా నడుస్తోంది. ఎమిలీ కామె ఙ్వరే అనే ఆవిడ పేరు మీరు వినే ఉంటారు, ఆవిడ బొమ్మ ఒకటి 2017లో 21 లక్షల డాలర్లకి పోయింది. ఆవిడ కూడా యుటోపియా అనే ఎడారి ప్రాంతంలో 1977లో బాటిక్‌తోనే మొదలుపెట్టి, డెబ్బై దాటాక క్యాన్వాస్ పట్టుకుంది. గుడ్డ పని అంటే చిన్నచూపు చూసేవాళ్ళకి ఈ మాట చెప్తుంటాను.

టార్నీట్ అక్కా, మీకు నేను చెప్పేది వేరే. గోడే ఎందుకు? ‘చంపి’ (Tjanpi) అనే ఎడారి ఆడవాళ్ళ సంస్థ అమ్మే గడ్డి బుట్ట ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. చంపి అంటే వాళ్ళ భాషలో గడ్డి. 1995లో ఆ ప్రాంతపు మహిళా మండలి బ్లాక్‌స్టోన్ అనే ఊళ్ళో బుట్టలల్లడం నేర్పిస్తే మొదలైంది, ఇప్పుడు మూడు రాష్ట్రాల సరిహద్దు ఊళ్ళలో 400 మందికి పైగా అల్లుతున్నారు. బుట్టని అల్లడం అంటే మన తాటాకు బుట్టలా పైకీ కిందకీ పోనివ్వడం కాదు. గుప్పెడు గడ్డిపోచలు తాడులా పట్టుకుని, బొడ్డు దగ్గర మొదలుపెట్టి పాములా చుట్టుకుంటూ, సూదికి రాఫియా నార ఎక్కించి ప్రతి చుట్టునీ కింది చుట్టుకి కుట్టేస్తారు. మధ్యమధ్యలో ఈమూ పక్షి ఈకలు, గింజలు, రంగు ఊలు. నా దగ్గరున్నది అరచేతిలో పట్టేంత చిన్నది, అడుగున మొదటి చుట్టు కొంచెం వంకరగా ఉంటుంది, అక్కడ ఆవిడ కుట్టు తీరు మార్చుకున్నట్టు తెలుస్తుంది, మూడో చుట్టు నుంచి దారికొచ్చేసింది. కొన్నప్పుడు పొగ వాసన వచ్చేది. దానికి కట్టిన చీటీ మీద అల్లినావిడ పేరు, ఊరు ఉన్నాయి. 2005లో ఇదే బ్లాక్‌స్టోన్ ఆడవాళ్ళు నిజం బండి అంత సైజులో గడ్డితో టయోటా చేసి, దేశంలో ఫస్ట్ నేషన్స్ (ఆదివాసీ) ఆర్టిస్టులకిచ్చే పెద్ద ప్రైజు కొట్టుకొచ్చారు. ఎడారిలో ఆ బండి లేకపోతే గడ్డికి వెళ్ళలేరు, వేటకి వెళ్ళలేరు, చావుకీ పెళ్ళికీ వెళ్ళలేరు. బండిని ఎందుకు చేశారో ఆ ఊళ్ళో ఎవరికీ వివరించక్కర్లేదు.

హెర్మాన్స్‌బర్గ్ అనే ఊరి కుండలు కూడా చూడండి, 1990లో మొదలయ్యాయి, ఎర్రమట్టితో చేత్తో చుట్టి చేసినవి, కుండ చుట్టూ వాళ్ళ ఊరి కొండలు, మూత మీద చిలకో, కంగారూనో, ఫుట్‌బాల్ ఆటగాడో. అడిలైడ్ వస్తే జామ్‌ఫ్యాక్టరీకి తప్పకుండా రండి. 1973లో పాత జామ్ ఫ్యాక్టరీలో పెట్టిన వర్క్‌షాపు, ఇప్పుడు మోర్ఫెట్ స్ట్రీట్‌లో ఉంది, గాజు ఊదుతుంటే గ్యాలరీ నుంచి నిలబడి చూడొచ్చు. ఆస్ట్రేలియా ఆర్ట్ అంటే చుక్కలొక్కటే అనుకుంటే ఇంకా చాలా పోగొట్టుకుంటాం. సిడ్నీలో రమేష్ మారియో నిత్యేంద్రన్ అని శ్రీలంకలో పుట్టిన తమిళ కుటుంబం అబ్బాయి ఉన్నారు, మట్టితో నిలువెత్తు దేవతాకారాలు చేస్తారు, తలల మీద తలలు, పళ్ళు, రంగు కారుతున్నట్టు గ్లేజు. మన గుళ్ళ గోపురాలు చూసి పెరిగినవాళ్ళకి అవి పరాయిగా అనిపించవు.

సిడ్నీ లెక్కలాయన:

చట్టం సంగతి కొంచెం చెప్తాను, అకౌంట్స్ పనిలో ఈ రాయల్టీలు నా చేతికి వస్తుంటాయి. అబోరిజినల్ పద్ధతిలో ఉన్న బొమ్మ వేరే దేశంలో చేయించి ఇక్కడ అమ్మడమే నేరం కాదు. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. నేరం ఏమిటంటే, ఇక్కడివాళ్ళు చేసినట్టు కొనేవాళ్ళని నమ్మించడం. 2019లో ఫెడరల్ కోర్టు ఒక టోకు కంపెనీకి 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఇండోనేషియాలో చేయించిన బూమరాంగులు, డిజెరిడూలు (ఊదే పొడవాటి కొయ్య వాద్యాలు) లాంటివి 18,000కి పైగా అలాగే అమ్మారు. కాకపోతే ఆ కంపెనీ అప్పటికే మూతపడే ప్రక్రియలో ఉంది. మీ మావయ్యగారు కొన్నవి కూడా ఆ బాపతే. స్టిక్కరు మీద స్టిక్కరు ఉందంటున్నారు కాబట్టి ఫొటోలు, బిల్లు పెట్టి వినియోగదారుల శాఖకి ఫిర్యాదు చేయండి, నేనైతే వదలను.

ఇది కొత్త జబ్బు కాదు. 1966లో కొత్త డాలరు నోటు వచ్చినప్పుడు దాని మీద డేవిడ్ మలంగి చెట్టుబెరడు మీద వేసిన బొమ్మ వాడుకున్నారు, ఆయన్ని ఒక్క మాట అడగలేదు. తర్వాత తప్పు తెలుసుకుని రిజర్వ్ బ్యాంకు గవర్నరు వెయ్యి డాలర్లు, ఒక మెడల్, చేపలు పట్టే సామాను ఇచ్చారు. దేశం డబ్బు మీదే అలా జరిగింది. 1994లో కార్పెట్ కేసు, బందుక్ మరికా లాంటి ఆర్టిస్టుల బొమ్మల్ని వియత్నాంలో కార్పెట్ల మీద నేయించి, అమ్మిన ప్రతి కార్పెట్‌కీ ఆర్టిస్టుకి రాయల్టీ ఇస్తున్నామని చీటీ కూడా కట్టారు. పవిత్రమైన కథ మీద జనం కాళ్ళు పెట్టి నడవాలన్నమాట. ఆర్టిస్టులు గెలిచారు, కోర్టు 1,88,000 డాలర్లకి పైగా ఇప్పించింది, మరీ ముఖ్యంగా వాళ్ళ సంస్కృతికి జరిగిన నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది.

నన్ను కదిలించింది ఇంకోటి. పాపున్యా తొలి ఆర్టిస్టుల్లో జానీ వరంగుల చుపుర్రుల అనే ఆయన 1972లో వేసిన నీటి కథ బొమ్మ 150 డాలర్లకి అమ్ముడైంది. అదే బొమ్మ 1997లో వేలంలో 2,06,000కి పోయింది, 2000లో మళ్ళీ 4,86,500కి. రెండుసార్లూ ఆయన బతికే ఉన్నారు, చట్టప్రకారం ఆయనకి ఒక్క డాలరు కూడా రావాల్సిన పని లేదు. ఇప్పుడైతే 2010 జూన్ 9 నుంచి కొత్త చట్టం ఉంది, వేలంలోనో, గ్యాలరీ ద్వారానో వెయ్యి డాలర్లకి గానీ అంతకు మించి గానీ మళ్ళీ అమ్ముడైతే 5 శాతం వేసినవాళ్ళకి, వాళ్ళు పోయాక 70 ఏళ్ళ దాకా వారసులకి. కాబట్టి పేరూ నంబరూ ఉన్న కాగితం జాగ్రత్తగా దాచండి. రేపు మీ పిల్లలు అమ్మినా ఆ డబ్బు దారి తప్పకుండా వెళ్ళేది ఆ కాగితంతోనే.

బ్రిస్బేన్ బావ:

పెడన అమ్మాయి చెప్పింది అర్థమైంది. తివీ గుడ్డ సంగతి ఇంట్లో చెప్పాను, రెండు మీటర్లు తెప్పిస్తున్నాం. థాంక్స్ అమ్మా.

టార్నీట్ కోడలు:

మూడు వారాల తర్వాత వచ్చాను, సారీ. కొన్నాం! ఆర్ట్ సెంటర్ నుంచే, నర్సక్క చెప్పినట్టు ఫోన్ చేసి అడిగితే ఎంత ఓపిగ్గా చెప్పారో. ఒకావిడ వేసిన చిన్న క్యాన్వాస్, మూరెడు పొడవు కూడా ఉండదు, 480 డాలర్లు. గచ్చకాయ రంగు మీద లేత పసుపు చుక్కలు, దగ్గరికెళ్తే ఒక్కో చుక్కా కొంచెం ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది, ఒకచోట రంగు అయిపోతున్నట్టు నాలుగు చుక్కలు పల్చబడి మళ్ళీ చిక్కగా మొదలయ్యాయి. ముంచి మళ్ళీ పెట్టిందన్నమాట. అది చూడగానే మీరు రాసిన వెదురుపుల్ల కళ్ళ ముందు కనబడింది అక్కా. మిగిలిన డబ్బుతో గడ్డి బుట్ట ఒకటి. గోడ ఇంకా ముప్పావు వంతు ఖాళీగానే ఉంది, మా ఆయన ఇప్పుడు ఆ ఖాళీ అలాగే ఉంచుదామంటున్నారు. ఫిర్యాదు కూడా పెట్టాం.

మావయ్యగారికి వీడియో కాల్‌లో చూపించాను. బొమ్మ తర్వాత, ముందు వెనక్కి తిప్పు అన్నారు. పేరు చదివి వినిపించమన్నారు, పెన్నూ కాగితం తెచ్చుకున్నారు. తెలుగులో రాసుకుంటారట. నేను చదివింది తప్పో ఒప్పో తెలీదు, ఆవిడ పేరు చివర నపల్చర్రి అని ఉంది. ఇంటిపేరా? ఎలా పలకాలి?

ఎర్రమట్టి నర్సు:

చాలా సంతోషం చెల్లీ. ఇంటిపేరు కాదు, అది వరస. వాళ్ళలో ఎనిమిది వరసలుంటాయి, ఎవరు ఎవరికి అక్క, ఎవరికి మేనత్త, ఎవరిని చేసుకోవచ్చు అన్నీ దాన్నిబట్టే తెలుస్తాయి. మేనరికాలు చూసినవాళ్ళం కదా, మనకి తొందరగా అర్థమవుతుంది. నకారంతో మొదలైతే ఆడవాళ్ళు, ఆవిడ అన్నదమ్ములైతే చపల్చర్రి అవుతారు. అందుకే వేర్వేరు కుటుంబాల వాళ్ళకి కూడా చివర ఒకే పేరు కనిపిస్తుంది, ముందున్న పేరు కూడా కలిపి రాసుకోమనండి.

పలకడం మావయ్యగారికి ఏం కష్టం కాదు. మొదటి అక్షరం మీద ఒత్తి పలకాలి. రెండు ఆర్‌లు కనిపిస్తే మన ర లాగే నాలుక ఆడించి పలకాలి. ఆ ఎడారి భాషల్లో మన ట, ణ, ళ లాంటి అక్షరాలు ఉన్నాయి, ఇంగ్లీషులో రాసేటప్పుడు వాటి కింద గీత గీస్తారు, ఇక్కడి డాక్టర్లకి అవి ఎంతకీ నోరు తిరగవు. నేను పేషెంట్ల పేర్లు మొదటి నుంచీ నా నోట్‌బుక్‌లో తెలుగులోనే రాసుకుంటాను. సర్టిఫికెట్లో పేరు కింద గీతలున్న అక్షరాలేమైనా ఉన్నాయేమో చూసి చెప్పండి, ఏది ణ, ఏది న అన్నది సరిగ్గా రాసుకోవచ్చు.